బార్డ్ వద్దు, మాంక్ వద్దు అంటున్న గేమ్ మాస్టర్లకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను ఆడే ఆట) నడిపిస్తున్న మిత్రులకు,

నమస్కారం.

ఈ వేసవిలో మొదలుపెట్టబోయే క్యాంపెయిన్ల (వారాల తరబడి సాగే కథల) కోసం మీలో కొందరు పంపిన ఆహ్వానాలు నాకూ అందాయి. కథ ఎక్కడ జరుగుతుందో, పోరాటం ఎవరి మీదో చెప్పే వాక్యాలు వాటిలో రెండో మూడో ఉంటే, వద్దన్న క్లాసుల (ఆటగాళ్లు ఎంచుకునే పాత్రల రకాల) జాబితా అంతకు రెండింతలు ఉంది. పాటతో మంత్రం వేసే బార్డ్ వద్దు. ఉత్త చేతులతో పోరాడే మాంక్ వద్దు. ప్రమాణానికి కట్టుబడిన వీరుడు పాలడిన్ ఒక్కరికి మించి వద్దు. దొంగ విద్యలు తెలిసిన రోగ్ ఆడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అడవి దారులు తెలిసిన రేంజర్‌ను ఎంచుకున్నవారు తర్వాత బలం చాలలేదని ఫిర్యాదు చేయకూడదు. ఇన్ని వద్దుల చివర ఒక తప్పనిసరి కూడా ఉంది: పార్టీలో (ఆటగాళ్ల పాత్రల జట్టులో) ఎవరో ఒకరు దైవశక్తితో వైద్యం చేసే క్లెరిక్ కావాల్సిందే.

ఆ జాబితాను తీసేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మీ విసుగు నాకు అర్థమవుతుంది. వారమంతా తీరిక చేసుకుని మ్యాపులు గీసి, ఊళ్లకూ రాజులకూ పేర్లు పెట్టి, రాక్షసుల లెక్కలు రాసుకుని వస్తే, ఆదివారం నాడు ఒకే ఆటగాడు అందరి సమయాన్నీ మింగేస్తాడు. మరోసారి ఆ క్లాసు పేరు వినబడితేనే ప్రాణం ఉసూరుమంటుంది. కోపం వచ్చిన క్లాసును కొట్టేయడం చాలా సులభం. ఆ కోపం ఎక్కడ పుట్టిందో వెతకడం కష్టం, కానీ గేమ్ మాస్టర్ చేయవలసిన పని అదే. వెతికితే చాలావరకు అది మనం ఆట నడిపే తీరులోనే దొరుకుతుంది.

మాంక్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ నిబంధనల ప్రకారం అయిదో లెవెల్ (పాత్ర ఎదిగిన స్థాయి) మాంక్‌కు అయిదు కీ పాయింట్లు ఉంటాయి. శత్రువును కదలకుండా చేసే దెబ్బ వేయాలన్నా, అదనంగా రెండు గుద్దులు గుద్దాలన్నా, తప్పించుకోవాలన్నా వాటిలోంచే ఖర్చు పెట్టాలి. ఒక గట్టి పోరాటంలో రెండు మూడు రౌండ్లకే అవి అయిపోతాయి. కానీ షార్ట్ రెస్ట్ (ఆటలో ఒక గంట విశ్రాంతి) తీసుకుంటే అన్నీ తిరిగి వస్తాయి. మంత్రాలు వేసే వార్‌లాక్ కూడా అంతే. అయిదో లెవెల్లో విజార్డ్‌కు రోజుకు తొమ్మిది స్పెల్ స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) ఉంటే వార్‌లాక్‌కు రెండే ఉంటాయి, అయితే ఒక గంట విశ్రాంతితో ఆ రెండూ మళ్లీ నిండుతాయి. ఫైటర్‌కు ఒకే టర్నులో రెండోసారి దెబ్బ తీసే అవకాశం తిరిగి వచ్చేదీ ఆ గంటలోనే.

ఈ ఏర్పాటు వెనుక ఒక అంచనా ఉంది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం పార్టీ ఒక సాహస దినంలో మధ్యస్థం నుంచి కఠినం వరకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు తట్టుకోగలదు, నడుమ రెండుసార్లు షార్ట్ రెస్ట్ తీసుకుంటుంది. ఇప్పుడు మన ఆదివారాలు ఎలా గడుస్తున్నాయో గుర్తు చేసుకోండి. మూడు గంటల ఆటలో ఒకే ఒక్క పెద్ద పోరాటం జరుగుతుంది. అది ముగియగానే అందరూ నిద్రపోతారు, తెల్లవారేసరికి అన్నీ తిరిగి వచ్చేస్తాయి. అలాంటి చోట పాలడిన్ తన ఆరు స్లాట్లనూ ఒకే శత్రువు మీద గుమ్మరిస్తాడు. విజార్డ్ తన గొప్ప మంత్రాలన్నీ ఒకేసారి ప్రయోగిస్తాడు. మాంక్ మాత్రం అయిదు పాయింట్లూ ఖర్చయ్యాక ఉత్త చేతులతో నిలబడి ఉంటాడు. అప్పుడు మనం పాలడిన్ బలం మితిమీరిందనీ, మాంక్‌లో సత్తువ లేదనీ తీర్పు చెప్పి ఇద్దరినీ జాబితాలో చేరుస్తాం. ఆ రెండు తీర్పులకూ మూలం ఒకటే. మనం విశ్రాంతుల లెక్క తప్పించాం.

ఒక సెషన్‌కు ఒక రోజు అన్న నియమం ఎక్కడా లేదు. ఆటలోని ఒక్క రోజును రెండు మూడు ఆదివారాలకు సాగదీయవచ్చు. ఈ వారం కోట గోడ దగ్గర పోరాటం, మెట్లబావిలో గంటసేపు విశ్రాంతి, వచ్చే వారం సొరంగం, ఆపై వారం గర్భగృహం. పార్టీకి రాత్రి నిద్ర దొరికేది అప్పుడే. ఇలా ఒక్క నెల నడిపి చూడండి. మాంక్ ఆడేవారి ముఖంలో వెలుగు వస్తుంది, పాలడిన్ ఆడేవారు తమ స్లాట్లను ఆచితూచి వాడతారు. ఆటను తయారుచేసిన వారు కూడా మాంక్ సమస్యను గుర్తించారు. 2024 పుస్తకంలో గుద్దుల పాచిక పెద్దదైంది, పోరాటం మొదలవుతున్నప్పుడు రోజుకు ఒకసారి పాయింట్లన్నీ తిరిగి నింపుకొనే అవకాశం వచ్చింది. స్లాట్ ఖర్చు పెట్టి పాలడిన్ వేసే అదనపు దెబ్బ స్మైట్‌ను ఒక మంత్రంగా మార్చి, ఒక టర్నులో ఒకసారికి మించి వేయలేకుండా కట్టడి చేశారు. ఇద్దరిలో ఎవరినీ పుస్తకంలోంచి గెంటేయలేదు.

గెంటేసిన కాలం కూడా ఉందనుకోండి. 1974లో ఆట పుట్టినప్పుడు ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ అనే మూడే క్లాసులు ఉండేవి. 1975లో వచ్చిన అనుబంధ పుస్తకాలతో థీఫ్, పాలడిన్, మాంక్, అసాసిన్ చేరారు. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి ఆటగాళ్ల పుస్తకంలో మాంక్ లేడు, అసాసిన్ లేడు. 2000లో మూడో ఎడిషన్‌లో మాంక్ తిరిగి వచ్చాడు, నేటికీ ఉన్నాడు. ఒక తరానికి అనవసరమనిపించిన క్లాసు మరో తరానికి ప్రాణమైంది. మాంక్ మన కథల్లో ఇమడడు, ఎక్కడో తూర్పు దేశాల సినిమాల మనిషి అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. కర్రసాము నేర్పే ఉస్తాదులు, తాలీంఖానాలో మట్టి పూసుకుని కుస్తీ పట్టే పహిల్వాన్లు మన వీధుల్లోనే తిరిగిన మనుషులు. వారిలో ఒకరి పేరూ రూపూ ఆ పాత్రకు ఇస్తే చాలు.

ఇక బార్డ్. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

బార్డ్ మీద ఫిర్యాదులు రెండు. మొదటిది, బార్డ్ ఆడేవారు కనిపించిన ప్రతి పాత్రతోనూ సరసాలాడి కథను పక్కదారి పట్టిస్తారు. ఇది నిజంగా జరుగుతుంది, జరిగినప్పుడు బల్ల చుట్టూ ఉన్న అమ్మాయిలకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో నేను చూశాను. కానీ ఆ ప్రవర్తన ఆటగాడిది. ఫైటర్ చేతిలో కత్తి పెట్టినా అతను అదే పని చేస్తాడు. క్యాంపెయిన్ మొదలుకాక ముందే అందరినీ కూర్చోబెట్టి, మన బల్ల దగ్గర ఇది కుదరదని చెప్పాల్సింది మీరు. ఆ ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడి క్లాసునే తీసేస్తే, ఆ మనిషి వేరే క్లాసుతో మళ్లీ వస్తాడు, మర్యాదగా పాడదలచుకున్న మరొకరు బయటే ఉండిపోతారు.

రెండో ఫిర్యాదు, పోరాటంలో బార్డ్ వల్ల ఉపయోగం లేదని. 1978 నాటి పుస్తకంలో బార్డ్ నియమాలు చివర అనుబంధంలో ఉండేవి. ముందు ఫైటర్‌గా కొన్ని లెవెళ్లు, తర్వాత థీఫ్‌గా కొన్ని లెవెళ్లు గడిపి, ఆపై ప్రకృతి మంత్రాలు తెలిసిన డ్రూయిడ్ల దగ్గర శిష్యరికం చేస్తేగాని బార్డ్ కావడం కుదిరేది కాదు. తర్వాతి కాలంలో అన్నీ కొంచెం కొంచెం తెలిసి ఏదీ పూర్తిగా రాని మనిషి అన్న పేరు బార్డ్‌కు స్థిరపడిపోయింది. అయిదో ఎడిషన్‌లో ఆ మాట చెల్లదు. విజార్డ్‌లాగే తొమ్మిదో స్థాయి మంత్రాల వరకు వెళ్లే క్లాసు అది. దాని అసలు బలం మాత్రం ఇతరుల చేతుల్లో కనిపిస్తుంది. అరవై అడుగుల లోపు తన మాటో పాటో వినగలిగే సహచరుడికి బార్డ్ ఒక పాచిక ఇస్తాడు. మొదట్లో ఆరు ముఖాలది, పదిహేనో లెవెల్‌కు పన్నెండు ముఖాలది. తగలకుండా పోయే దెబ్బకు ఆ పాచిక కలిస్తే తగులుతుంది. పడిపోవలసిన మనిషి నిలబడతాడు.

అయితే ఆ దెబ్బ తగిలినప్పుడు బల్ల దగ్గర అందరూ చప్పట్లు కొట్టేది ఫైటర్‌కు. పాచిక ఎవరిచ్చారో ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ గేమ్ మాస్టర్ ఒక్క వాక్యం చెబితే చాలు: "నీ కత్తి జారిపోబోతున్న క్షణంలో వెనుక నుంచి ఆమె అందుకున్న చరణం నీ చెవిన పడింది, నీ పట్టు బిగిసింది." ఆ మాట చెప్పని బల్ల దగ్గరే బార్డ్ పనికిరాని క్లాసు అవుతుంది.

మీ ఆహ్వానాల్లో రెండు కాకతీయుల కాలాన్ని పోలిన లోకంలో జరిగే కథలని రాశారు. తోరణాలు, ఏడు కోటల గోడలు, చెరువులు, నాయకులు అన్నీ ఉన్నాయి. బార్డ్ మాత్రం వద్దట! గణపతిదేవుడి గజసేనను నడిపిన జాయప సేనాని నృత్యం మీద సంస్కృతంలో శాస్త్రగ్రంథం రాసిన మనిషి. ఏనుగుల దళానికి అధిపతి, నాట్యశాస్త్రంలో పండితుడు. ఆయనను మీ బల్ల దగ్గరికి తెస్తే ఏ క్లాసు ఇస్తారు? 1213 నాటి రామప్ప గుడి శిల్పాల్లోని భంగిమల ఆధారంగానే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ వేదిక మీదికి తెచ్చారు. యుద్ధానికి బయలుదేరే వీరులు ఆడేవారని చెప్పుకునే నాట్యం అది. డప్పు మోతతో మనిషిలో ధైర్యం పుడుతుందన్న సంగతి ఈ నేలకు నిబంధనల పుస్తకాలు వచ్చి చెప్పాలా?

ఇంతకంటే దగ్గరగా ఒగ్గు కథ ఉంది. ఐనవోలు, కొమురవెల్లి జాతరలకు వెళ్లినవారు చూసే ఉంటారు. ఒగ్గు కళాకారుడు ఒక్కడే మల్లన్న అవుతాడు, మరుక్షణం మేడలమ్మ అవుతాడు, ఆ వెంటనే పక్కవాడి ప్రశ్నకు జవాబు చెప్పే మామూలు మనిషి అవుతాడు. డోలు, తాళం వెంట రాగా రాత్రంతా వేలమందిని కూర్చోబెడతాడు. అదే మనిషి పసుపు కుంకుమలతో పట్నం అనే ముగ్గు వేస్తాడు, మల్లన్న కల్యాణం జరిపిస్తాడు. కథకుడూ ఆయనే, పూజారీ ఆయనే. కోయల డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను తరాల పాటగా నోటితోనే మోశారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు వచ్చింది. ఇలాంటి మనుషుల మధ్య పెరిగిన మనం పాట పాడే పాత్రను చూసి నవ్వుకుంటున్నాం.

ఇది నేను ఊరికే అనడం లేదు. ఐనవోలు వైపు నుంచి చదువు కోసం హనుమకొండ వచ్చిన ఒక అమ్మాయి, తాతగారి ఒగ్గు కథలు వింటూ పెరిగిన అమ్మాయి, మన బల్లల్లో ఒకదానికి వచ్చింది. ఆట మొదటిసారి ఆడబోతోంది. డోలు మోసుకుని ఊరూరా తిరిగే కథకురాలి పాత్రను రాసుకొచ్చింది, ఆ పాత్ర పాడే రెండు చరణాలు కూడా సొంతంగా కట్టుకుంది. "బార్డ్ లేదమ్మా, మాకు వైద్యం చేసేవారు లేరు, క్లెరిక్ తీసుకో" అన్నారు. తీసుకుంది. ఆ సాయంత్రమంతా ఆమె చేసిన పని ఒక్కటే: తన వంతు రాగానే ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) తగ్గాయో అడిగి, పాచిక వేసి, అంకె చెప్పడం. "అన్నా, నాకు ఈ వారం పరీక్షలున్నాయి" అని తర్వాతి వారం ఫోన్ చేసింది. పరీక్షలు అయిపోయి చాలా రోజులైంది, ఆమె ఇంకా రాలేదు. బార్డ్ కూడా వైద్యం చేయగలదని ఆ బల్ల దగ్గర ఉన్న ఒక్కరైనా ఆమెకు చెప్పలేదు. దూరం నుంచి ఒక్క మాటతో పడిపోయినవారిని లేపే మంత్రం మొదటి లెవెల్ నుంచే బార్డ్‌కు అందుబాటులో ఉంటుంది.

క్లెరిక్ తప్పనిసరి అన్న నియమం మీద నా అభ్యంతరం ఇదే. ఎవరూ ఇష్టపడి తీసుకోని క్లాసు అన్న పేరు క్లెరిక్‌కు మొదటి నుంచీ ఉంది. ఆ పేరు పోగొట్టడానికే మూడో ఎడిషన్‌లో, సిద్ధం చేసుకున్న మంత్రాలను అప్పటికప్పుడు వైద్యంగా మార్చుకునే వెసులుబాటు ఇచ్చారు, దాంతో రోజంతా వైద్యమంత్రాలే పేర్చుకోవాల్సిన అవసరం తప్పింది. క్లెరిక్ మెరుపులు కురిపించగలడు, చచ్చి లేచిన వాటిని తరిమికొట్టగలడు, దేవుడితో వాదించగలడు. అంత పెద్ద పాత్రను ఇష్టం లేని మనిషికి అప్పగించి, గాయాలు కట్టే పనికి కుదించేస్తున్నాం. పార్టీలో వైద్యులు ఎవరూ లేకపోతే దారిలో ఒక వైద్యుడి కొట్టు పెట్టండి. యాభై బంగారు నాణేలకు ఒక వైద్య ద్రావకం దొరుకుతుందని పుస్తకంలోనే ఉంది, నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చిన మొత్తానికి రెండు కలిపితే వచ్చినంత ప్రాణం తిరిగి వస్తుంది. అదీ వద్దంటే పోరాటాల బరువు కాస్త తగ్గించండి. వచ్చిన ఆటగాళ్లకు తగినట్టు లోకాన్ని మలచడం మీ చేతుల్లో ఉంది.

రేంజర్ గురించి ఎక్కువ వాదించను. 2014లో వచ్చిన రేంజర్ నిజంగానే సరిగా కుదరలేదు. ఎంచుకున్న శత్రువు ఎదురైతేనే, ఎంచుకున్న నేల మీద నడిస్తేనే దాని ప్రత్యేకతలు పనిచేసేవి. 2020లో వచ్చిన పుస్తకం వాటి స్థానంలో వేరే ఎంపికలు ఇచ్చింది. మీ బల్ల దగ్గర పాత పుస్తకమే ఉంటే ఆ ఎంపికలను అనుమతించండి, సగం సమస్య తీరుతుంది. మిగతా సగం మీ ఆహ్వానంలో ఉంది. కథ అంతా నగరం కింది సొరంగాల్లో జరగబోతోందని ముందే చెబితే ఎవరూ అడవిని తమ నేలగా ఎంచుకోరు. అడవిలో జరిగే కథైతే ఆ అడవిని ఆడించండి. "మూడు రోజులు నడిచి కొండ చేరుకున్నారు" అని ఒక్క వాక్యంలో దాటేస్తే రేంజర్ చేసేదేముంది? తాడ్వాయి దాటి మేడారం వైపు అడవి దారిలో నడిచినవారు మనలో ఎంతోమంది ఉన్నారు. ఎక్కడ వాగు దాటాలి, ఏ ఆకు తినవచ్చు, రాత్రి ఏ చప్పుడుకు లేవాలి అన్నవి తెలిసినవాడి విలువ ఆ దారిలో అందరికీ తెలుస్తుంది. ఏటూరునాగారం అడవులు పక్కనే పెట్టుకుని రేంజర్‌కు పని దొరకడం లేదనడం నాకు మింగుడుపడదు.

పాలడిన్ విషయంలో బలం గురించి ఇందాకే చెప్పాను. ఇంకో సంగతి ఉంది. పాత పుస్తకాల్లో పాలడిన్ ధర్మం తప్పితే శక్తులన్నీ పోయేవి, తెలిసి పాపం చేస్తే మళ్లీ తిరిగి వచ్చేవి కావు. ఇప్పుడు ఆ కట్టడి లేదు, తాను ఎంచుకున్న ప్రమాణానికి కట్టుబడితే చాలు. అయినా మీలో కొందరు పాలడిన్ కనిపించగానే వల పన్నుతున్నారు: పసివాడిని కాపాడితే ఊరు తగలబడుతుంది, ఊరిని కాపాడితే పసివాడు చనిపోతాడు, ఏది చేసినా ప్రమాణం భగ్నం. రెండుసార్లు ఇలా జరిగాక ఆ ఆటగాడు ప్రతి పనికీ అడ్డం పడి, తోటివారికి నీతులు చెప్పడం మొదలుపెడతాడు. పాలడిన్లు అందరితో గొడవపడతారని అప్పుడు మనమే అంటాం.

రోగ్ పక్కవాడి సంచీలో చెయ్యి పెట్టకూడదన్న నియమం ఒక్కటి అందరూ ఒప్పుకుంటే చాలు, అనుమతి పత్రాలు అక్కర్లేదు.

మీ ఫిర్యాదుల్లో ఒకదానితో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను. డ్రూయిడ్ ఒకేసారి ఎనిమిది జంతువులను పిలిపించి, ఎనిమిదింటికీ విడివిడిగా పాచికలు వేస్తుంటే మిగతా ముగ్గురూ పావుగంట సేపు గోడలు చూస్తూ కూర్చోవాలి. అది అన్యాయమే. దానికి కూడా క్లాసును తీసేయనక్కర్లేదు. 2014 నాటి ఆ మంత్రంలోనే తక్కువ సంఖ్యలో బలమైన జంతువులను పిలిపించే వీలుంది. ఒకటి లేదా రెండు చాలని మాట తీసుకోండి. ఇది బల్ల దగ్గరి మర్యాద కిందికి వస్తుంది, మర్యాదల గురించి నియమాలు పెట్టే హక్కు మీకు ఎప్పుడూ ఉంది.

కాబట్టి మీ ఆహ్వానాల్లో వద్దన్న క్లాసుల చోట వేరే సంగతులు రాయండి. కథ అడవిలోనా, నగరంలోనా, సముద్రం మీదా? విశ్రాంతికీ విశ్రాంతికీ నడుమ ఎన్ని పోరాటాలు ఉండవచ్చు? బల్ల దగ్గర ఏ ప్రవర్తనను సహించరు? ఏ పుస్తకాలను అనుమతిస్తారు? ఈ నాలుగూ తెలిస్తే తమకు తగిన క్లాసును ఆటగాళ్లే ఎంచుకుంటారు. ఎవరైనా అయిష్టంగా ఒక క్లాసును తీసుకుంటున్నారని అనిపిస్తే, ఎందుకని ఒక్కసారి అడగండి.

కొత్తవారు ఇంగ్లీషు నిబంధనలు చదవలేక బలమైనదని ఎవరో చెప్పిన క్లాసునే పట్టుకుంటున్నారని మీలో ఒకరు అన్నారు. అది నిజం. 2023 జనవరిలో అయిదో ఎడిషన్ మూల నిబంధనలను క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేశారు కాబట్టి, మూలం పేరు చెప్పి వాటిని ఎవరైనా తెలుగులో పెట్టుకోవచ్చు. బార్డ్, మాంక్, క్లెరిక్, రేంజర్ క్లాసుల మొదటి అయిదు లెవెళ్లను నేను తెలుగులో రాసి పెట్టాను, ఒక్కో క్లాసు రెండు పేజీల్లో సరిపోయింది. కావలసినవారు ఆదివారం ఆట దగ్గర అడిగితే ప్రతులు ఇస్తాను. పాలడిన్, డ్రూయిడ్ రాయడానికి ఇద్దరు తోడు కావాలి, పాలడిన్ వద్దన్న బల్లల నుంచే ఎవరైనా వస్తే మరీ సంతోషం.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీతోపాటు ఆడే ఒక ఆటగాడు